మెట్లు దిగితే ఎంత లోతు?

ప్రయాణాల పేజీ – మీ ప్రశ్నలు, మా జవాబులు

సముద్రతీర విడిదుల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఇక్కడ జవాబులు. జవాబులు రాసినవారు భీమిలికి చెందినవారు. మాల్దీవుల రిసార్టుల్లో 11 ఏళ్ళు అతిథులకు పడవ దగ్గర స్వాగతం పలికి గదికి చేర్చే ఉద్యోగం చేసి వచ్చారు.

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. వచ్చే ఏడాదికి మా పెళ్ళయి పాతికేళ్ళు. మా వారిది ఎరువులు, పురుగుమందుల కొట్టు. పెళ్ళైన కొత్తలో తిరుపతి వెళ్ళినప్పుడు తప్ప ఆయన వరసగా మూడు రోజులు కొట్టు మూసింది లేదు. పిల్లలిద్దరూ చదువులకు బయటి ఊళ్ళకు వెళ్ళారు. ఈసారి ఫోను మోగని చోట, తెలిసినవాళ్ళు ఎదురుపడని చోట, సముద్రం ఒడ్డున నాలుగు రాత్రులు ఉండి వద్దామని ఆయనే అన్నారు. ఖర్చు సంగతి ఆలోచించవద్దన్నారు. ట్రావెల్ ఏజెంటు మాల్దీవులకు మూడు ప్యాకేజీలు పంపాడు. మూడింటిలోనూ నీళ్ళ మీద కట్టిన గదే. ఫొటోలు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి, ధర మాత్రం ఒకదానికి ఇంకొకటి రెట్టింపు. మే నెలాఖరులో అయితే బాగా తగ్గుతుందంటున్నాడు. మా వారికి ఈత రాదు. నేను చేప, మాంసం ముట్టను. ఏది ఎంచుకోవాలో చెబుతారా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘ఆయనే అన్నారు’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. పాతికేళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి నోరు తెరిచి అడిగిన నాలుగు రాత్రులివి. ఒక్కటి కూడా పాడవకూడదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఫొటోలు పక్కన పెట్టేయండి. ఆ స్థాయి హోటళ్ళలో గదులన్నీ బాగానే ఉంటాయి. మంచం సముద్రానికి ఎదురుగా ఉంటుంది. బయట చెక్క అరుగు, అరుగు మీంచి నీళ్ళలోకి మెట్లు ఉంటాయి. తేడా అంతా ఆ మెట్ల కిందే. మా నాన్న వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు కనబడగానే తెప్ప నిలిపేవాడు. కెరటాలు ఏ పక్కన విరుగుతున్నాయో చూసుకున్నాకే లోపలికి తెచ్చేవాడు. ఇన్నేళ్ళు అతిథులకు గదులు అప్పజెప్పాక నాకూ అదే అలవాటైంది. ముందు నీళ్ళు చూస్తాను, తర్వాతే గది.

కాబట్టి మీ ఏజెంటును అడగవలసిన మొదటి మాట ఇది: ‘మాకిచ్చే గది మెట్లు దిగితే నీళ్ళు ఎంత లోతు? పాటులో ఎంత, పోటులో ఎంత?’ పాటు అంటే సముద్రం తగ్గే వేళ, పోటు అంటే పెరిగే వేళ.

ఎందుకో చెబుతాను. మాల్దీవులంటే 26 పగడపు వలయాలు, వాటి మీద సుమారు 1,200 చిన్న చిన్న దీవులు. ప్రపంచమంతా వాడే ‘అటోల్’ అనే మాట వాళ్ళ దివేహి భాష నుంచి వెళ్ళిందే. చాలా దీవుల చుట్టూ పగడపు దిబ్బ ప్రహరీ గోడలా ఉంటుంది. గోడకు లోపల అడుగంతా తెల్లటి ఇసుక, లేత నీలం నీళ్ళు, నడుం లోతు. దాన్నే లాగూన్ అంటారు. గోడ దాటితే ఒక్కసారిగా లోతు. అక్కడ నీళ్ళు నల్లగా అనిపించేటంత ముదురు నీలం. కొన్ని రిసార్టులు గదులను లాగూన్ మధ్యలో కట్టాయి, కొన్ని సరిగ్గా ఆ గోడ అంచున కట్టాయి. అంచు గదుల ముందు రంగురంగుల చేపలు ఎక్కువ, ఈతగాళ్ళు వాటికోసం ఎంతైనా పెడతారు. కానీ నీటి లాగుడు కూడా అక్కడే ఎక్కువ. ఈత రాని మనిషికి అలాంటి గది ఇస్తే నాలుగు రోజులూ అరుగు మీద కూర్చుని సముద్రాన్ని చూడడమే అవుతుంది, అందులోకి దిగడం ఉండదు. అలాంటివాళ్ళను చాలామందిని చూశాను. పైకి నవ్వుతూనే ఉంటారు, కాని ఆ మెట్ల మీద ఒక్క తడి అడుగు పడదు.

అక్కడ ఆటుపోట్ల తేడా మహా అయితే ఒక మీటరు. పాటులో మోకాలి లోతు, పోటులో ఛాతీ లోతు అని చెప్పే గది మీది. ధర తక్కువైనా సరే, అదే తీసుకోండి.

ఆ గదిలో మొదటి తెల్లవారుజామున మీ వారిని నిద్రలేపి ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టండి, పాదాలు నీళ్ళలో ఉండేలా. కదలకుండా ఉంటే కాసేపట్లో మూరెడు పొడుగున్న సొర పిల్లలు వస్తాయి. వీపు మీది రెక్క చివర సిరాలో ముంచినట్టు నల్లగా ఉంటుంది. పెద్ద చేపలకు భయపడి లోతు తక్కువ నీళ్ళలో పెరుగుతాయవి. మనిషిని ఏమీ చేయవు. వేలు కదిపితే చాలు, ఇసుక లేపి మాయమవుతాయి. పక్క గది మెట్టు మీద బూడిదరంగు కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి వాటినే చూస్తుంటుంది. ఎండ కాస్త పైకి వచ్చేసరికి అడుగున ఇసుక మీద వెలుగు వల విసిరినట్టు పరుచుకుని కదులుతుంది. చెక్కల కింద నీళ్ళు గుటక వేస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. మీరు ఇంత డబ్బు పెడుతున్నది ఆ గంటకోసమే అనుకోండి. దాన్ని నిద్రలో పోనివ్వకండి.

ఇక మీరడిగిన ఏకాంతం. మాల్దీవుల్లో మొదటి రిసార్టు కురుంబా 1972లో తెరిచారు. అక్కడి పద్ధతే ఒక దీవికి ఒక రిసార్టు. ఊరు లేదు, బజారు లేదు, బయటివాళ్ళు రారు. అలాగని ప్రతి దీవిలోనూ ఏకాంతం ఉండదు. పావుగంటలో చుట్టిరాగల దీవిలో నలభై విల్లాలు, అంటే విడివిడి గదులు, ఉన్నవీ ఉన్నాయి, రెండు వందలున్నవీ ఉన్నాయి. మొత్తం విల్లాలెన్ని, పక్క గది అరుగు నుంచి మీ అరుగు కనబడుతుందా, రెండు గదుల మధ్య ఎంత ఎడం ఉందో అడగండి. చెక్కవంతెన మొదట్లో ఉన్న గదుల ముందు నుంచి బ్యాటరీ బండ్లు తిరుగుతూనే ఉంటాయి. వంతెన చివరి నాలుగైదు గదుల్లో ఒకటి ఇమ్మనండి. నడక ఎక్కువైనా ఆ గదుల దగ్గర అలికిడి ఉండదు.

ఇంకొక్క మాట కూడా అడగాలి. ‘మీ దీవిలోగానీ, ఎదురుగా కనబడే దీవిలోగానీ కట్టడం పనులు నడుస్తున్నాయా?’ ఉద్యోగం మాని వచ్చిన ఏడాదే మా చెల్లెలినీ బావగారినీ ఒక ఏజెంటు ద్వారా పంపాను. గది గురించి అన్నీ అడిగాను, ఇది అడగలేదు. ఎదురు దీవిని వెడల్పు చేయడానికి సముద్రం అడుగు నుంచి ఇసుక తోడే యంత్రం రాత్రంతా నడిచిందట. నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయట. ఏజెంటుకు ముందే తెలుసు. మా చెల్లి నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. అప్పటినుంచి ఎవరడిగినా ఈ ప్రశ్న చెప్పకుండా పంపను. జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట వద్దు.

ఇప్పుడు మే నెల సంగతి. కార్తెల గురించి మీ వారికి నేను చెప్పనక్కర్లేదు, ఆయన వ్యాపారమే కార్తెల మీద నడుస్తుంది. మాల్దీవుల పడవలవాళ్ళూ ఇదే లెక్కతో బతుకుతారని ఆయనకు చెప్పండి, సంతోషిస్తారు. వాళ్ళు ‘నకై’ అంటారు. ఏడాదికి 27, ఒక్కొక్కటి 13, 14 రోజులు. మా పడవ సరంగు ఒకసారి వేళ్ళ మీద లెక్కపెడుతూ అస్సిద, బురును, కేతి, రోను అంటుంటే నేను పక్కనుంచి అశ్వని, భరణి, కృత్తిక, రోహిణి అని అందించాను. ఆయన చుక్కాని వదిలేసి నా చేయి పట్టుకున్నాడు. ఇంత సముద్రం దాటి వెళ్ళినా నక్షత్రాలు అవే, పేర్లూ అవే. తేదీల్లో మన లెక్కకు ఓ వారం అటూఇటూ ఉంటుంది, అంతే.

మే నెలాఖరు వాళ్ళకు రోను. పడమటి గాలి బలంగా కొట్టే రోజులు, తర్వాత వచ్చే మృగశిరలోనూ అంతే. నైరుతి రుతుపవనాన్ని వాళ్ళు ‘హుళంగు’ అంటారు. ధర తగ్గడానికి కారణం అదే. రోజంతా వాన పడుతుందని కాదు, రెండు మూడు గంటలు కురిసి మళ్ళీ ఎండ కాసే రోజులూ ఉంటాయి. కానీ మెట్ల దగ్గర నీళ్ళు కలకబారతాయి, అల చెక్కలకు కొట్టుకుంటుంది, ఈత రానివాళ్ళు దిగలేరు. ఈశాన్య గాలి వీచే కాలంలో, డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా, సముద్రం తేటగా ఉంటుంది. అందులోనూ ఫిబ్రవరి, మార్చి నెలల నీళ్ళంటే నాకు ప్రాణం. మార్చి రెండో సగానికి మీ వైపు రెండో పంట కోతకు వస్తుంది, కొట్టుకూ తీరికే. అప్పుడు వెళ్ళండి. మే నెల తప్పదనుకుంటే మాత్రం సూర్యాస్తమయం కనబడే గది అని ఎక్కువ డబ్బు పెట్టకండి, పడమటి గాలికి ఎదురుగా ఉండేది ఆ వైపే. ఆ నెలల్లో తూర్పు వైపు గది నిమ్మళంగా ఉంటుంది.

నాలుగు రాత్రుల్లో మొదటి రెండు ఇసుక ఒడ్డున ఉండే బీచ్ విల్లాలో, తర్వాతి రెండు నీళ్ళ మీది గదిలో గడపడం మేలు. చాలా రిసార్టులు ఇలా కలిపి ఇస్తాయి, సామాను వాళ్ళే మారుస్తారు. ఒడ్డు నుంచి అడుగడుగు వేసుకుంటూ నీళ్ళకు అలవాటు పడితే, మూడో రోజు మెట్లు దిగడానికి మీ వారికి జంకు ఉండదు. లైఫ్ జాకెట్ ఉచితంగానే ఇస్తారు, సిగ్గుపడకుండా వేసుకోమనండి.

దీవికి చేరడం గురించి ఏజెంట్లు సరిగ్గా చెప్పరు. దూరపు దీవులకు నీళ్ళ మీద దిగే చిన్న విమానాలుంటాయి. పైలట్లు చెప్పుల్లేకుండా ఉత్త కాళ్ళతో నడుపుతారు, పైనుంచి పగడపు వలయాలు ఒక్కొక్కటే కనబడతాయి, ఆ దృశ్యం చూసి తీరాలి. కానీ అవి పగటిపూటే ఎగురుతాయి. మధ్యాహ్నం మూడున్నర దాటాక రాజధాని మాలేలో దిగితే ఆ రాత్రి అక్కడి హోటల్లోనే పడుకోవలసివస్తుంది, దీవిలో కట్టిన ఒక రాత్రి అద్దె గంగపాలు. మధ్యాహ్నంలోపు దిగే టికెట్టు కొనండి. సామాను మామూలుగా మనిషికి 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు, దాటితే డబ్బు కట్టాలి. మనిషికి రానూపోనూ నాలుగైదు వందల డాలర్లు మామూలు. అది ప్యాకేజీలో కలిసిందో లేదో చూడండి.

డబ్బు లెక్క ఇలా చూసుకోండి. చాలా రిసార్టులు చూపించే ధర మీద 10 శాతం సేవా రుసుము, ఆ మొత్తం మీద 17 శాతం పర్యాటక పన్ను పడతాయి. అంటే 100 డాలర్లు 128.70 అవుతాయి. ఇది కాక 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల హరిత పన్ను. మీ ఇద్దరికీ నాలుగు రాత్రులకు 96 డాలర్లు. ఏజెంటు చెప్పిన అంకెలో ఇవన్నీ కలిశాయా అని అడిగితే, ఆ మూడు ప్యాకేజీల మధ్య మీకు కనబడిన రెట్టింపు తేడా కొంత తగ్గినా తగ్గవచ్చు.

ఉదయం పలహారం ఒక్కటే ఉన్న ప్యాకేజీ తీసుకోకండి. దీవిలో ఇంకో హోటల్ ఉండదు, ఒక పూట భోజనానికి పెట్టే డబ్బుకు ప్రాణం ఉసూరుమంటుంది. మీరు మద్యం ముట్టేవాళ్ళు కాకపోతే అన్నీ కలిసిన ప్యాకేజీ దండగ, మూడు పూటల భోజనం ఉన్నది చాలు. అక్కడ ఉదయాన్నే ‘మస్ హుని’ అని పెడతారు. కొబ్బరి కోరు, ఉల్లి, పచ్చిమిరప, నిమ్మరసం, చూడడానికి మన కొబ్బరి పచ్చడిలా ఉంటుంది. పొరపడకండి, మస్ అంటే చేప. ట్యూనా తురుము కలుపుతారు. సాయంత్రం చిరుతిళ్ళలోనూ చాలావాటిలో చేపే. గది తీసుకునేటప్పుడే ‘చేప, చేప రసం కూడా వద్దు’ అని రాసి పంపండి. చాలా వంటశాలల్లో మన దేశపువాళ్ళు ఉంటారు. ఒక్కరోజు ముందు చెబితే పప్పు, చారు చేసి పెట్టిన కేరళ వంటవాళ్ళను నేనెరుగుదును.

మనకు వీసా ముందుగా అక్కర్లేదు, దిగాక 30 రోజులకు ఉచితంగా ఇస్తారు. బయల్దేరే ముందు 96 గంటల లోపు ‘ఇముగా’ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. పూజకని విగ్రహాలు పట్టుకెళ్ళకండి, అక్కడి కస్టమ్స్ వాటిని అనుమతించదు. పెళ్ళిరోజు నాడు దండం పెట్టుకోవాలనిపిస్తే తూర్పున సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు.

ప్రశ్న: మాకు పాస్‌పోర్టులు లేవు. మన దేశంలో మాల్దీవుల లాంటి ఏకాంతం, అంత సౌకర్యం సముద్రం ఒడ్డున దొరకదా? మన తీరంలో నీళ్ళ మీద గదులు ఎందుకు కట్టరు? – వరంగల్ నుంచి ఒక దంపతులు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. మన కోస్తాకు ముందు పగడపు గోడ లేదు. బంగాళాఖాతం కెరటం నేరుగా వచ్చి ఒడ్డునే విరుగుతుంది. పైగా తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా భీమిలిలో సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో చూసినవాళ్ళెవరూ నీళ్ళలో గుంజలు పాతి గది కట్టమని అడగరు. దానికి తోడు 1991 నుంచి తీరప్రాంత నియంత్రణ నిబంధనలున్నాయి. ఊళ్ళ బయట తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదని నియమం. 2019లో జనసాంద్రత ఎక్కువున్న పల్లెల దగ్గర దాన్ని 50 మీటర్లకు తగ్గించారు. అందుకే మన రిసార్టుల్లో గదికీ నీళ్ళకూ మధ్య సరుగుడు తోట ఉంటుంది. ఆ నియమం అక్కరకొచ్చేదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఇసుక మీద వలలు ఆరేసుకునేవాళ్ళు ఉన్నారు.

ఏకాంతం కావాలంటే అండమాన్ వెళ్ళండి, పాస్‌పోర్టు అవసరం లేదు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడినుంచి వేగంగా వెళ్ళే ఫెర్రీలో సుమారు రెండు గంటల్లో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్. ఖరీదైన విడిదులు కొన్ని అడవి చెట్ల నీడలోనే కట్టారు, గది నుంచి సముద్రం కనబడకపోయినా నడిచి చేరవచ్చు. రాధానగర్ బీచ్ పడమటి ముఖం, ఇసుక మెత్తన, దిగడానికి బాగుంటుంది. తూర్పు వైపు రిసార్టుల ఫొటోలు పోటులో తీసినవి. పాటులో అక్కడ దూరం దాకా రాళ్ళు తేలతాయి, ఈతకు వీలుండదు. ఇక్కడా అదే ప్రశ్న అడగండి, పాటులో నీళ్ళు ఎంత లోతు అని. గడియారం మనదే అయినా సూర్యుడు తొందరపడతాడు. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది కాబట్టి మధ్యాహ్నం నిద్ర మానుకోండి. మొసళ్ళ హెచ్చరిక బోర్డు కనబడితే, పక్కవాళ్ళు దిగినా మీరు దిగవద్దు.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నాన్న పోయి రెండేళ్ళయింది, అప్పటినుంచి ఇల్లు కదలలేదు. ఆమెను మాల్దీవుల్లో ఇలాంటి దీవికి తీసుకెళ్ళవచ్చా? – కాకినాడ నుంచి ఒక కూతురు

జవాబు: తప్పకుండా తీసుకెళ్ళమ్మా. నీళ్ళ మీది గది మాత్రం వద్దు, ఆ మెట్లు నిటారుగా, తడిగా ఉంటాయి, మోకాళ్ళకు కష్టం. విమానాశ్రయం నుంచి స్పీడ్‌బోటులో అరగంటలో చేరే దీవి చూడు. చిన్న విమానంలోకి ఎక్కే నిచ్చెన కూడా తప్పుతుంది. బోటులో వెనక సీటు అడుగు, ముందు సీట్లు ఎగిరెగిరి పడతాయి. గుమ్మం దిగగానే ఇసుక తగిలే బీచ్ విల్లా తీసుకో, భోజనాల గదికి దగ్గర్లోది. అరుగు మీద కూర్చోవడానికి ఎత్తు కుర్చీ ఒకటి కావాలని ముందే చెప్పు, అక్కడ వేసేవన్నీ నేలకు దగ్గరగా ఉండే వాలు కుర్చీలే. అందులోంచి అమ్మ లేవలేదు.

అమ్మ చీరతోనే సముద్రంలోకి దిగుతానంటే దిగనివ్వు. కొలనులో ఈత దుస్తులు అడుగుతారు గాని సముద్రంలో ఎవరూ ఏమీ అనరు. లాగూన్‌లో పెద్దగా అల ఉండదు, నువ్వు చేయి పట్టుకుంటే, కూర్చున్నప్పుడు నడుం దాకా వచ్చే నీళ్ళలో కూర్చుని ఎంతసేపైనా ఉండగలదు. నీటిలో మోకాళ్ళ మీద అంత బరువు పడదు. తువ్వాలు, మారు చీర, వేడి నీళ్ళ ఫ్లాస్కు ఒడ్డునే పెట్టుకో.